వేళగాని సైరన్

రెండు వీసీఆర్‌లను తీగతో కలిపి, దయ్యాన్ని ఒక క్యాసెట్‌లోంచి ఇంకో క్యాసెట్‌లోకి ఎక్కిస్తున్నాడు రాయమల్లు. మరాఠీ నేల మీది బొగ్గుగని ఊరు దుర్గాపూర్ కాలరీలో పెళ్ళిళ్ళకు వీడియో తీయడం అతని బతుకుతెరువు. దయ్యాల సినిమాలు అతని పిచ్చి. మొదట్లో దయ్యాల నవలలు రాసి, సొంత ఖర్చుతో అచ్చేయించాడు. ఇక్కడి పిల్లలవి మరాఠీ బడులు. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. అందుకే కలం వదిలి కెమెరా పట్టాడు.

తీసిన ప్రతి సినిమాకూ జనం కడుపుబ్బ నవ్వారు. దయ్యం వేషం ఎప్పుడూ రాజక్కదే. కాలనీలో జాకెట్లు కుట్టే విధవరాలు. తెల్లచీర కట్టి బయటికొస్తే చాలు, బొగ్గుపొడి పడి చీర నల్లబడేది.

"దయ్యమైనా గీ ఊర్ల తెల్లగుంటదా తమ్మీ?" అని ముందు ఆమే నవ్వేది.

ఇప్పుడు ఇంటింటికీ కేబుల్ వచ్చింది. ఈ సినిమాకైనా జనం జడుసుకోకపోతే ఇక తన దయ్యాలను చూసేవాళ్ళుండరు. షిఫ్టు మారేటప్పుడు రికార్డు చేసిన గని సైరన్‌ను, దయ్యం లేచే చోట అతికించాడు.

మధ్యాహ్నం ఆటకు, అతను సినిమాలు వేసే రేకుల షెడ్డు ఆడవాళ్ళతో నిండింది.

"రాజక్కా, ఇయ్యాల ఎవల తింటవే?" అని తెర మీద తెల్లచీర కనబడగానే వెనకనుంచి అరిచింది జ్యోతి.

"నిన్నే. ఉప్పు కారం ఏసుకొని!"

నవ్వులు ఆగకముందే స్పీకర్‌లో సైరన్ లేచింది.

కాలరీలో సైరన్ వేళకు మోగితే బువ్వ, వేళగాక మోగితే పీనుగ. తెర వైపు ఎవరూ చూడలేదు. ఒకరినొకరు తోసుకుంటూ, గడప ముందు విడిచిన చెప్పులైనా తొడుక్కోకుండా, ఉత్తకాళ్ళతో బొగ్గుబాయి వైపు పరుగెత్తారు. అందరికన్నా ముందు రాజక్క. బాయిలో ఆమెకిప్పుడు ఎవరూ లేరు. అయినా పరుగెత్తింది.

భయపడ్డారు! రాయమల్లు గుండె ఒక్కసారి పొంగింది. మరుక్షణం వాళ్ళు ఎటు ఉరుకుతున్నారో చూశాడు. "సినిమల మోగింది! గది ఉత్తదే!" అని అరుస్తూ వెంటపడ్డాడు.

"నీ చేతులిరగ! నా మొగడు కిందున్నడురా!" జ్యోతి అతని చొక్కా పట్టి గుంజింది. ఆడవాళ్ళంతా తిట్టిపోసి వెనక్కి మళ్ళారు. రాజక్క ఒక్కతే గని గేటు పట్టుకుని నిలబడింది.

"తప్పయింది అక్కా. ఆ ముక్క తీసేస్త."

"ఆనాడు గిట్లనే ఉరికిన. నేనొచ్చేసరికి ఆయన మొఖం మీద గుడ్డ కప్పిన్రు." ఆమె ఇంకా రొప్పుతోంది. "నీ దయ్యమేసుడు షురువైనంకనే నాకు మళ్ల నవ్వుడొచ్చింది. ఇగ నాతోని కాదు తమ్మీ."

అతను షెడ్డుకు తిరిగొచ్చి, క్యాసెట్‌లో ఆ చోట సైరన్ చెరిపేశాడు. ఆ మాట చెబుదామని సాయంత్రం ఆమె క్వార్టర్‌కు పోతే తాళం వేసి ఉంది.

"మాజ్రి ఊర్ల తమ్మునింటికి పోయింది," అన్నాడు పక్కింటి వెంకటి. "కుట్టుమిషన్ సుత తీస్కపోయింది. ఇగ రాదట."

రాయమల్లు షెడ్డుకు తాళం వేయడానికి వచ్చాడు. అందరూ తమ తమ చెప్పులు తొడుక్కుని పోగా, గడప ముందు ఒక్క జత మిగిలింది. నీలం రబ్బరు చెప్పులు, మడమల దగ్గర అరిగినవి. వాటి మీద అప్పుడే బొగ్గుపొడి పలచగా పరుచుకుంటోంది.