ఐదువందల డెబ్బై ఒకటి

“ఏం పెట్టావే వాడికి ఈ వారం?”

ఫోనులో జనార్దనరావు గొంతు వినగానే, కత్తిపీట ముందు కూర్చున్న భువనేశ్వరి చేతిలో బీరకాయ ఆగిపోయింది.

సోమవారం సాయంత్రం ఆ ప్రశ్న రావడం మామూలే. కోచింగ్ సెంటరు వాళ్ళు వారం పరీక్ష మార్కులు తండ్రి ఫోనుకే పంపుతారు. తెనాలిలో ఒంటిగది అద్దెకు తీసుకుని, కొడుకు అభినవ్‌కు వేళకు వండిపెడుతూ ఏడు నెలలుగా కాపలా కాస్తున్నది తల్లి. మార్కులు చేరేది చెరుకుపల్లిలో ఎరువుల కొట్లో కూర్చున్న తండ్రికి. అక్కణ్ణుంచి తిట్లుగా మారి ఆమె దగ్గరికొస్తాయి. మూడువందల ఎనభై వస్తే “పొద్దున్నే పెరుగన్నం పెడుతున్నావా? మత్తుగా ఉండదూ?” అని. మూడువందల యాభై వస్తే “పక్కగది వాళ్ళతో కబుర్లు తగ్గించుకో” అని. వాడి భౌతికశాస్త్రానికీ ఆమె పెరుగుకూ సంబంధం ఏమిటని ఆమె ఎన్నడూ అడగలేదు.

కానీ ఆ రోజు గొంతులో నవ్వుంది.

“నిన్నేనే! ఏం పెట్టావో చెప్పు, రోజూ అదే పెడుదువుగాని. ఎంతొచ్చినయ్యో తెలుసా? ఐదొందల డెబ్బై ఒకటి! బ్రాంచి మొత్తమ్మీద పద్నాలుగో వాడు. మా అమ్మ అప్పుడే వీధంతా చెప్పేసింది.”

భువనేశ్వరి బీరకాయను పళ్ళెంలో పెట్టేసింది.

ఆ అంకె ఆమెకు తెలుసు. ఆ మధ్యాహ్నమే తల్లుల వాట్సాప్ గ్రూపులో జవాబుల కీ వస్తే, కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో లెక్కేసుకుంది. జీవశాస్త్రంలో మూడువందల నలభై. రసాయనశాస్త్రంలో నూట నలభై. భౌతికశాస్త్రంలో తొంభై ఒకటి. మొత్తం ఐదువందల డెబ్బై ఒకటి.

అవి అభినవ్ మార్కులు కావు. ఆమెవి.

ఫోను పెట్టేసి గోడ అలమర దగ్గరికెళ్ళింది. ఆవకాయ జాడీ వెనక చెయ్యి పెట్టి తడిమింది. తను దాచిన కాగితం లేదు.

అంతకుముందు శుక్రవారం తుఫాను హెచ్చరిక వచ్చింది. రేపల్లె వైపు బస్సులు ఆపేశారు. సెంటరుకు మూడు రోజులు సెలవిచ్చి, పిల్లల చేతికి ప్రశ్నపత్రం, పాడైతే పనికొస్తుందని రెండేసి ఓఎంఆర్ షీట్లు ఇచ్చి పంపారు. ఇంట్లోనే మూడు గంటలు గడియారం పెట్టుకుని రాయాలి, సోమవారం పొద్దున్నే ఇవ్వాలి. తల్లి దగ్గరుండి చూడాలి. శనివారం మధ్యాహ్నం అభినవ్ పుస్తకం గుండెల మీద పెట్టుకుని నిద్రపోయాడు. బయట వాన కురుస్తూనే ఉంది. ఆరేసిన బట్టలు ఆరవు, కూరగాయల బండి రాదు. ఏడు నెలల్లో మొదటిసారి ఆమెకు మూడు గంటలు ఖాళీ దొరికాయి. రెండో షీటు తీసుకుని కూర్చుంది. జవాబులు విడిగా ఒక కాగితం మీద కూడా రాసుకుంటూ, నల్ల పెన్నుతో ఒక్కొక్క సున్నా నింపుకుంటూ పోయింది. అంతా అయ్యాక పైన పేరు రాయడానికి గడి కనిపించింది. అందులో ఏం రాయాలో తోచలేదు. ఖాళీగా వదిలేసింది.

అదే ఆమె చేసిన పొరపాటు.

చీకటి పడుతుండగా అభినవ్ వచ్చాడు. ఆమె అలమర వైపు చూసేసరికే వాడి మొహం పాలిపోయింది.

“నేనసలు రాయలేదమ్మా. ఇవాళ తెల్లారుజామున రాద్దామనుకున్నా, లేచేసరికి ఏడున్నర. ఇవ్వకపోతే నాన్నకి మెసేజ్ పెడతారు. పేరు లేదుగా అని నాది రాసేసి... ఒక్కసారికేగా.”

“నేనేం రాశానో చూశావా?”

“లేదు. ఏవో నింపి ఉన్నాయిగా అని ఇచ్చేశా. నీకు నిజంగా ఇన్ని వస్తాయని నాకేం తెలుసు?” కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాన్నకి చెప్పొద్దమ్మా. చంపేస్తాడు.”

ఆమె చెప్పలేదు. బీరకాయ పచ్చడి వేసి అన్నం పెట్టింది. నిజం చెప్పాలంటే, ఆ పూట ఆమెకు కొడుకు మీద కోపం కూడా రాలేదు. కంప్యూటరు ఎవరి మొహమూ చూడకుండా దిద్ది పద్నాలుగో ర్యాంకు ఇచ్చింది. ఆ సంతోషాన్ని ఎవరితోనూ పంచుకోలేక, గిన్నెలు తోముతూ కొళాయి చప్పుడులో తనలో తనే నవ్వుకుంది. రేపల్లె కాలేజీలో ఇంటర్ బైపీసీ రాసిన పదో రోజున ఆమె పెళ్ళయింది. ఫలితాలొచ్చిన రోజు అత్తగారు సుబ్బాయమ్మ పేపరు మడిచి పప్పుల డబ్బాలో పరుస్తూ “నీ నంబరు ఉందంటలే, సంతోషం. ఈ మినుములు కాస్త చెరుగు” అంది. ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు ఎవరూ ఆమెను ఏ ప్రశ్నా అడగలేదు, కూరలో ఉప్పు ఎందుకు తగ్గిందన్నది తప్ప. తెనాలి వచ్చాక, కొడుక్కి కళ్ళు మంటలని డాక్టరు విశ్రాంతి ఇవ్వమంటే, పుస్తకం చదివి వినిపించే పని ఆమె మీద పడింది. వాడు వింటూ వింటూ నిద్రపోయేవాడు. ఆమె మాత్రం ఆపేది కాదు. పప్పు ఉడికేలోపు రక్తప్రసరణ, బట్టలు నానేలోపు మెండెల్ బఠానీలు. భౌతికశాస్త్రం పాఠాలు ఫోనులో పెట్టుకుని చపాతీలు ఒత్తుతూ వినేది. తనకు చదవాలని ఉందని ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ఆ మార్కులతో అభినవ్‌ను పై బ్యాచికి మార్చారు.

అక్కడ మొదలైంది అసలు కష్టం. ఆ బ్యాచిలో చెప్పేది వాడికి అందదు. అందలేదని చెప్పడానికి లేదు. మొదటి వారం మూడువందల పది వచ్చింది. మూడో వారం రెండువందల తొంభై. వాడు తిండి తగ్గించాడు, గోళ్ళు కొరకడం పెంచాడు. జనార్దనరావు ఫోన్లు వారానికొకటి కాస్తా రోజుకు రెండయ్యాయి.

“ఒకసారి వచ్చినయ్యి మళ్ళీ ఎందుకు రావు? వాడి బుర్రలో ఉంది కాబట్టేగా వచ్చినయ్యి! నువ్వే ఏదో చేస్తున్నావక్కడ. ఆ ఫోను పక్కన పడెయ్. ఎప్పుడు చేసినా ఏదో వింటా ఉంటావ్.”

పక్కగదిలో ఉండే కాకుమాను సరోజ కూడా కూతురి చదువు కోసమే వచ్చి ఉంటోంది. బట్టలు ఆరేసే తీగ దగ్గర ఆమె నవ్వింది. “మన పిల్లల మార్కులు బాగుంటే వాళ్ళ నాన్న పోలిక వదినా. బాగుండకపోతే మన వంట.”

ఫిబ్రవరిలో నీట్ దరఖాస్తులు మొదలయ్యాయి. అభినవ్‌ది నింపించడానికి నెట్ సెంటరుకు వెళ్ళింది. అక్కడ పనిచేసే నవ్య నిజాంపట్నం దగ్గర చేపల వేట కుటుంబం నుంచి వచ్చిన పిల్ల. వేళ్ళు చకచకా ఆడిస్తూ వివరాలు అడుగుతోంది. తెర మీద ఒక వాక్యం దగ్గర భువనేశ్వరి చూపు నిలిచిపోయింది. గరిష్ఠ వయోపరిమితి లేదు.

“అంటే... ఎంత వయసున్నా రాయొచ్చా అమ్మా?”

“రాయొచ్చక్కా. పోయినేడు ఒకాయన నెరిసిన గడ్డంతో వచ్చి నింపించుకున్నాడు. ఎవరికి?”

భువనేశ్వరి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. “నాకు.”

నవ్య నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాగి, “ఆధార్ చెప్పక్కా” అంది. నంబరు కొట్టింది. “ఓటీపీ వచ్చిందా?”

రాలేదు. ఆమె ఆధార్‌కు ఉన్నది జనార్దనరావు నంబరు. ఇంట్లో గ్యాసు నుంచి బ్యాంకు దాకా అన్నిటికీ అదే. నీకెందుకులే వేరే నంబరు అన్నాడు ఎప్పుడో. నిజమే కదా అనుకుంది.

“అయితే బావగారిని అడిగి చెప్పు. లేదంటే ఆధార్ సెంటరుకెళ్ళి వేలిముద్రేసి నంబరు మార్పించుకో. వారం పడుద్ది. ఆఖరు తేదీ ఇంకా పదిహేను రోజులుంది” అంది నవ్య.

మార్పించుకోవడం తేలికే. కానీ భువనేశ్వరికి దొంగచాటుగా రాయాలనిపించలేదు. ఒక్కసారి, ఒక్కరి ముందైనా, నేను రాస్తాను అని చెప్పి రాయాలనిపించింది. ఆయన వచ్చినప్పుడు అడుగుదాం అనుకుంది.

ఆ ఆదివారమే ఆయన వచ్చాడు, చెప్పకుండా. చేతిలో మార్కుల కాగితాలు. అభినవ్ మంచం మీద ముడుచుకు కూర్చున్నాడు.

“చెప్పరా! అప్పుడు ఐదొందల డెబ్బై, ఇప్పుడు రెండొందల డెబ్బై. ఏంటిది? ఎవత్తెనన్నా చూసుకున్నావా? ఫోనులో ఆటలా?” బెల్టు మీదికి చెయ్యి పోయింది. “ఆ బుర్ర ఏమైందిరా?”

భువనేశ్వరి పొయ్యి కట్టేసి వచ్చి మధ్యలో నిలబడింది.

“వాణ్ణేం అనకండి. ఆ ఐదువందల డెబ్బై ఒకటి వాడివి కావు. నావి. తుఫానప్పుడు ఆ పరీక్ష నేను రాశానండి.”

జనార్దనరావు ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వాడు. కోపంగా కాదు. నిజంగానే నవ్వొచ్చింది ఆయనకు.

“కొడుకుని కాపాడుకోడానికి ఇంత అబద్ధం అవసరమా భువనా? నువ్వేంటి, నీట్ ఏంటి? పాలవాడి లెక్క రెండుసార్లు వేస్తావు నువ్వు!” కొడుకు వైపు తిరిగాడు. “ఏరా, అమ్మ రాసిందా?”

భువనేశ్వరి కొడుకు వైపు చూసింది. భయపడకు, చెప్పు, నేనున్నాను అన్నట్టు చూసింది.

అభినవ్ ఆమె వైపు చూడలేదు.

“అమ్మకేం వస్తది నాన్నా. ఫ్రెండొకడు ముందే కీ తెచ్చాడు. చూసి దిద్దేశా.”

కీ చూసి దిద్దినవాడికి ఏడువందలు రావాలి. భౌతికశాస్త్రంలో తొంభై ఒకటే ఎందుకు వస్తాయి? ఎదురుగా ఉన్న ఆ ప్రశ్న జనార్దనరావుకు తట్టలేదు. ఆమె గొంతు దాకా వచ్చింది. కానీ అడిగేదెవరిని?

ఆయన బెల్టు మీద చెయ్యి తీసేశాడు. కొడుకు పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. “పోన్లే. నిజం చెప్పావు, అది చాలు. మగపిల్లలన్నాక ఇట్టాంటివి చేస్తారు. నేను టెన్తులో చీటీలు పెట్టలా? ఇకనుంచి కష్టపడు.” తలెత్తి, “కాఫీ పెట్టు. పంచదార తగ్గించి” అన్నాడు.

ఆమె కాఫీ పెట్టింది. పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడింది. కొడుకు దొంగతనం ఒప్పుకున్నాడు, తండ్రి క్షమించాడు. వాళ్ళిద్దరి మధ్యా అంతా సర్దుకుంది. తల్లి కంటే తక్కువవాడు కావడం కన్నా దొంగ కావడం మేలనిపించింది ఆ పిల్లవాడికి. ఎవరు నేర్పారు వాడికది? ఈయనొక్కడేనా? చిన్నప్పుడు సందేహం అడగడానికి పుస్తకం పట్టుకొస్తే, “నాకేం తెలుసు నాన్నా, మీ నాన్నని అడుగు” అని పంపించిందెవరు? తెలిసినవి కూడా. ఆయన బాధపడతాడేమోనని, ఆడది తెలిసినట్టు మాట్లాడితే బాగుండదని, తన నోటితో తను ఎన్నిసార్లు చెప్పింది ఆ మాట. పద్దెనిమిదేళ్ళు రోజూ వింటే ఏ పిల్లవాడైనా నమ్మడూ? భర్త నవ్వినందుకు ఆమెకు ఏడుపు రాలేదు. కొడుకు అన్న మాట అక్షరం పొల్లుపోకుండా తన మాటే అయినందుకు వచ్చింది. కొంగుతో కళ్ళొత్తుకుని, పంచదార తగ్గించి, గ్లాసు తెచ్చి ఇచ్చింది.

ఆయన వెళ్ళాక అభినవ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“అమ్మా, ఏమనుకోకు.”

ఏమీ అనుకోలేదు అనే మాట నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా అలవాటైన మాట. దాన్ని మింగేసి, “అనుకున్నాను రా. అన్నం తిను” అంది.

మర్నాడు వాడికి క్యారేజీ కట్టి పంపి, తలుపు తాళం వేసి, ఆధార్ సెంటరు వరుసలో నిలబడింది. కొత్త సిమ్ముతో, వేలిముద్రతో, అరగంటలో పని అయిపోయింది. తొమ్మిదో రోజున, ఆఖరు తేదీకి నాలుగు రోజుల ముందు, నవ్య ఎదురుగా కూర్చుంటే ఓటీపీ ఆరంకెలు ఆమె చేతిలోని ఫోనులోనే మోగాయి.

అభినవ్‌ను పాత బ్యాచికి దింపారు. వాడి మొహంలోకి కాస్త రక్తం వచ్చింది. ఆమె ఇప్పుడు పుస్తకం చదివి వినిపించడం మానేసి, వాడి ఎదురుగా కూర్చుని తన పుస్తకం తను చదువుకుంటోంది. వాడు అడగలేదు. ఒకటి రెండుసార్లు తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు. ఒకరోజు పప్పు మాడింది. ఇద్దరూ అదే తిన్నారు.

ఏప్రిల్ ఆఖరున హాల్‌టికెట్లు వచ్చాయి. అభినవ్‌ది గుంటూరు. ఆ సాయంత్రం జనార్దనరావు ఫోను చేశాడు. ఆమె స్పీకరు పెట్టింది. అభినవ్ ఎదురుగానే ఉన్నాడు.

“ఆదివారం నాకు లోడు దిగుద్ది, కొట్టు వదిలి రాలేను. పొద్దున్నే వాణ్ణి తీసుకుని బయల్దేరు. గేటు మూసేదాకా అక్కడే ఉండు. పెరుగన్నం పెట్టమాక. అయ్యిందాకా కదలమాక. వాడు బయటికొచ్చేసరికి నువ్వు కనపడాలి.”

“మీరే కొట్టు మూసుకుని రండి” అంది భువనేశ్వరి. “నేను బాపట్ల పోవాలి.”

“బాపట్లలో ఏంటే నీకు?”

అభినవ్ చేతిలో పెన్ను ఆగింది. ఈసారి వాడు ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె మాత్రం వాడి వైపు చూడలేదు.

“వాడు రాసే పరీక్షేనండి. పేరు రాసి మరీ రాస్తున్నాను.”