నలభై ఒకటో సీసా

నా రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. అరవై దాటాక పలక పట్టినదాన్ని. ఈ కాస్త రాయడానికే పదమూడు రోజులు పట్టింది.

మావారు మందులు తయారుచేసే ఒక ల్యాబులో గేటు దగ్గర కావలి. ఒక వానాకాలం దగ్గు పట్టుకుంటే, అక్కడ కొత్తగా చేరిన సైంటిస్టుగారు తను చేసిన పచ్చటి మందే సీసాలో పోసి ఇచ్చారు. "సారు చేతి మందే! ఊరికే!" అని మావారు మురిసిపోయారు. పదకొండో రోజు కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. గుండె ఆగిందన్నారు. నెల తిరక్కుండా సైంటిస్టుగారు నాకు అక్కడే సీసాలు కడిగే పని ఇప్పించారు. దేవుడనుకున్నాను.

మొదటి వారమే తేడా కనబడింది. పొద్దున ట్రేలో నలభై సీసాలు వస్తాయి. కడిగి బోర్లించి చూస్తే నలభై ఒకటి. ఎక్కువ వచ్చినదానికీ చీటీ ఉంటుంది. మిగతా చీటీల మీద ఇంగ్లీషు అంకెలు. దాని మీద మాత్రం మన అక్షరాలు, నీలం సిరాతో నాలుగు వరసలు. ఎంత నానబెట్టినా ఊడదు. ఎంత తోమినా మర్నాటికి అడుగున మళ్లీ పచ్చటి తడి.

"ఇందులో ఏం రాసుందయ్యగారూ?" అని అడిగాను.

ఆయన సీసా వంక చూడలేదు. నా వంకే చూశారు. "నీకు చదవడం రాదు కదా?"

"వేలిముద్రేనండి."

"మరి నీకెందుకమ్మా? కడిగెయ్."

మావారికిచ్చిన ఆ మందుతోనే ఆయన దశ తిరిగింది. ఒక మందుల కంపెనీలోకి వెళ్లి, పదేళ్లకు దానికి పెద్ద అయ్యారు. నన్నూ వెంట తీసుకెళ్లారు. అక్కడొకాయన నా ముందే అన్నాడు: "చదువురాని మనిషి ల్యాబులో ఏంటి సార్? యాసిడ్‌ని మంచినీళ్లనుకుంటే?"

"చదువొచ్చినవాళ్లతోనేనయ్యా నా భయం," అన్నారు ఆయన. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

కొత్త భవనం, కొత్త సింకు, కొత్త గాజుసామాను. లెక్కపెడితే ఒకటి ఎక్కువ. అదే చీటీ. ఏళ్ల తరబడి తుడిచి తుడిచి ఆ అక్షరాల వంపులన్నీ నా వేలికి కంఠతా వచ్చాయి.

తర్వాత ఆయన యూనివర్సిటీకి వీసీ అయ్యారు. అక్కడి ల్యాబులో సీసాలు కడగడానికి నేనూ వెళ్లాను. సీసా కూడా వచ్చింది. అక్కడ ఆయాలకూ తోటమాలులకూ సాయంత్రం బడి పెట్టించారు. మొదటిరోజు ఫొటోలవాళ్ల ముందు మొదటి పలక నా చేతిలోనే పెట్టారు. పెట్టాక ఆయన నవ్వు సగంలో ఆగింది. పలక మెల్లగా వెనక్కి లాగబోయారు. "ఈ వయసులో నీకెందుకమ్మా కళ్లనొప్పి?" అన్నారు నాకు మాత్రమే వినబడేలా. నేను వదల్లేదు.

'కా' దిద్దించిన రోజు పంతులమ్మ ఆశ్చర్యపోయింది. "ఇంత గుండ్రంగా ఎవరు నేర్పారు పెద్దమ్మా?"

"ఒక సీసా," అన్నాను.

ఆరు నెలలకు, ఒక మధ్యాహ్నం సీసా కొంగులో పెట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాను. బల్ల మీద పెట్టి, వేలు పెట్టి చదివాను.

"కా... వ... లి... వా... డు."

ఆయన పెన్ను మూత పెట్టారు.

"ప... ద... కొం... డో... రోజు."

"చాలమ్మా."

"ఆ... ప... మ..." ఒత్తు దగ్గర తడబడి మళ్లీ మొదలుపెట్టాను. "ఆపమన్నాడు. ఆ... ప... లే... దు."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆయన మొహాన చెమట.

"రాత నాదే," అన్నారు. "కానీ ఆ సీసా అతను పోయిన రోజే పగలగొట్టాను. ముక్కలు నా చేత్తోనే పాతిపెట్టాను."

"మావారు ఎన్నిసార్లు ఆపమన్నారు?"

"మూడు." ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. "నువ్వు కడుగుతున్నన్నాళ్లూ అది నా జోలికి రాలేదు. మానెయ్యకు తల్లీ. కడిగెయ్."

"నేనింక కడగనండి. మీరే కడుక్కోండి."

సీసా అక్కడే వదిలేసి వచ్చాను. మర్నాడు నలభై కడిగాను. నలభైయే ఉన్నాయి. ఇన్నేళ్లలో లెక్క సరిపోవడం అదే మొదలు. ఆ నెలాఖరుకే పని మానేశాను.

వెళ్లొస్తానని చెప్పడానికి పోతే వీసీగారి గది బయట బంట్రోతు ఆపాడు. లోపల నీళ్ల చప్పుడు, బ్రష్షు చప్పుడు. "మీటింగులన్నీ ఆపేసి అదే పని. ఏంటి సీసాలమ్మా, నీ ఉద్యోగం ఆయనకిచ్చావా?" అని నవ్వాడు.

"ఇచ్చాను," అన్నాను. నేను నవ్వలేదు.

సీసాలమ్మ, వయసు అరవై అయిదు. ఇప్పుడు మా అమ్మాయి ఇంట్లో, వంటింటి పక్క గదిలో ఉంటున్నాను. గ్లాసులు నేనే కడుగుతాను. లెక్కపెట్టాకే పడుకుంటాను.