మైనం తెరిచిన తలుపు

బానెట్ మీద చెవి ఆనిస్తే చాలు, ఇంజన్‌కి ఏ రోగమో చెప్పేస్తాను. ఈ విద్యలో నన్ను మించినవాడు ఇంకా పుట్టలేదు.

మా అమ్మాయి టాక్సీ నడుపుతుంది. ఆ బండే దాని బతుకు. ఓ పొద్దున నాలుగు వీధులు తిరిగిందో లేదో, వేడి చూపించే సూది ఎర్రగీత దాటేసింది, బానెట్ కింద నుంచి ఆవిరి. నేను చెవి ఆనించాను. చురుక్కుమంది. "ఇంజన్ హెడ్డు పోయిందమ్మా, ఇక తుక్కుకే," అని తీర్పు చెప్పేశాను. పిల్ల ముఖం పాలిపోయింది.

అయినా ఆశ చావక బండిని మా మరదలి షెడ్డుకి తోయించింది. మరదలంటే మా ఆవిడ చెల్లెలు. ఇంజన్లు విప్పడం దాని వృత్తి, నన్ను ఏడిపించడం సరదా.

"ఏం బావా, చెవి కాల్చుకున్నావట?"

"రోగం కనిపెట్టానే!"

"ఎవరికి, చెవికా?"

ఆయిల్ పుల్ల లాగి చూసింది. "ఆయిల్‌లో నీళ్లు కలవలేదు. హెడ్డు నిక్షేపంగా ఉంది." ఇంజన్ నడిపి, సెగ పుట్టాక, నా చెయ్యి లాగి, నీళ్లు చల్లార్చే రేడియేటర్ మీద పెట్టింది. చల్లగా ఉంది! పక్కన ఇంజనేమో పెనంలా కాలుతోంది.

"నీళ్లు ఇటు రావట్లేదు బావా. దారిలో తలుపు మూసుకుపోయింది."

బండి చల్లారాక రెండు బోల్టులు విప్పి, సీసామూతంత ఇత్తడి బిళ్ల తీసింది. ఆ తలుపు ఇదేనట, పేరు థర్మోస్టాట్‌ట. టీగిన్నెలో నీళ్లు పోసి, అందులో పడేసి స్టవ్ మీద పెట్టింది. నీళ్లు కుతకుతలాడాయి గానీ బిళ్ల ఉలకలేదు, పలకలేదు. దాన్ని తీసి కొత్తది వేసింది.

ముగ్గురం గిన్నె మీదికి వంగాం. కాసేపటికి బిళ్ల నడుమ మూత, నిద్ర లేస్తున్న కంటిరెప్పలా, మెల్లగా పైకి లేచింది. వైరు లేదు, బ్యాటరీ లేదు, తోసేవాడు లేడు. పక్క షెడ్డులో సొట్టలు తీసేవాడి సుత్తి కూడా ఆగిపోయింది.

"ఎవరే తెరిచింది?" అన్నాను.

"లోపల చిటికెడు మైనం. వేడికి కరిగి, ఉబ్బి నెడుతుంది. చల్లారితే మూసేస్తుంది."

పట్టకారుతో పైకి తీసింది. మూసుకుంది.

"మళ్లీ వెయ్యి."

తెరుచుకుంది.

"ఇంకొక్కసారి!"

"బావా, ఇది బండికి. నీ ఆటకి కాదు."

మా అమ్మాయి కళ్లు గిన్నె మీదే ఉన్నాయి. "ఇంతేనా పిన్నీ? బండి బతికినట్టేనా?"

"తొక్కి చూడు."

కొత్త బిళ్ల బిగించాక, ఎత్తురోడ్డు ఎక్కించి దించుకొచ్చింది. సూది సగంలోనే నిలబడింది. ఆగకుండా అటునుంచటే బేరానికి పోయింది పిల్ల, నన్ను షెడ్డులోనే మరిచిపోయి. అంతటి వైద్యుణ్ణి నడిచి ఇంటికొచ్చాను.

అన్నట్టు, సుత్తి ఆగిందన్నది నేను అల్లింది. అతగాడు దంచుతూనే ఉన్నాడు. మా మరదలు ఇది చదివి పట్టేసుకునే లోపు నేనే చెప్పేస్తే గౌరవంగా ఉంటుందని.