ఒంటికెక్కని మందు

ఆ ఏడాది సిరిసిల్లకు పెద్ద చీరల ఆర్డరు వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడినవాడు శ్రవణ్. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. అతడు పనిచేసే షెడ్డులో రాత్రిపూట సాంచాలు నడిపే మనుషులు చాలకపోవడంతో యజమాని తిరుపతి నేరుగా అతని దగ్గరికే వచ్చి, "రాత్రి షిఫ్టు మొత్తం నీకే ఇడుస్తున్న. చూసుకుంటవు గదా తమ్మీ?" అని అడిగాడు. షిఫ్టు దక్కినందుకన్నా, నలుగురు మగవాళ్ల ఎదుట వినబడిన ఆ "తమ్మీ" అన్న పిలుపుకే శ్రవణ్ కాళ్లు నేలమీద నిలవలేదు.

దానికి కారణముంది. పుట్టినప్పుడు అతనికి పెట్టింది ఆడపిల్ల పేరు. ఆ ఊళ్లో నూలు కండెలు చుట్టడం ఆడవాళ్ల పని, సాంచా నడపడం మగవాళ్ల పని. చిన్నతనమంతా అతడు తల్లి సరోజన పక్కన కూర్చుని కండెలే చుట్టాడు. తాను మగవాడినని లోపల ఎరిగినా, ఆ మాట నోటిదాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చిన తరువాత ఇల్లు అట్టుడికిపోయింది. ఆ ఉడుకు తగ్గాక జగిత్యాలలో హార్మోన్ల డాక్టరు రచన దగ్గర వైద్యం మొదలైంది. మగ హార్మోను సూదులు పడుతున్నకొద్దీ గొంతు మగగొంతుకు దిగింది, నెలసరి ఆగింది, దవడల మీది నూగు గడ్డమైంది. కళ్లెదుట జరుగుతున్నదాన్ని కాదనలేక సరోజన కూడా ఆడపిల్లను పిలిచినట్టు "బిడ్డా" అనడం మాని "కొడుకా" అనడం మొదలుపెట్టింది.

కానీ సూదితో ఒక చిక్కు వచ్చింది. నెత్తురు చిక్కబడుతున్నట్టు పరీక్షలో తేలింది. సరోజన భర్త భూమయ్య పక్షవాతంతో పోయినవాడు. మెదడులో నెత్తురు గడ్డకట్టిందని ఆనాటి డాక్టర్లు చెప్పిన మాట ఆమె మరవలేదు.

"మీ నాయినను గట్లనే పోగొట్టుకున్న. సూది మల్ల ముట్టనని నా నెత్తి మీద ఒట్టు పెట్టు" అన్నది.

శ్రవణ్ ఒట్టు పెట్టాడు. డాక్టరు రచన సూది మాన్పించి, రోజూ పొద్దున భుజాలకు రాసుకునే పూతమందు ఇచ్చింది. నెత్తురు మళ్లీ మామూలు స్థితికి వచ్చింది. గడ్డం మాత్రం పెరుగుతూనే ఉన్నది. ఇక తిరుగులేదనుకున్నాడు శ్రవణ్.

రాత్రి షిఫ్టు మొదలై రెండు నెలలు దాటాయో లేదో, నెలసరి తిరిగి వచ్చింది.

ఆ సాయంత్రం శ్రవణ్ కోరుట్లకు ఫోన్ చేశాడు. అక్కడ మునావర్ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. ఈ దారిలో అతనికన్నా ముందు నడిచినవాడు కనుక, శ్రవణ్‌కు అన్నలాంటివాడు.

"భాయ్, నాకు మల్ల మొదలైంది."

"ఏంది?"

"గదే. ఇంకేంది!"

"చూడు, నేను విన్న మాట చెప్తున్న, పరేషాన్ గాకు. కొన్నేండ్లకు ఒళ్లు మందుకు అలవాటైపోతదట. అటెన్క ఎంత పూసినా గోడకు సున్నమేసినట్టేనట."

"ఎవలన్నరు?"

"ఫోన్ల గ్రూపుల అంటున్నరు. నాకు సుత భయమే. అందుకే టెస్టులకు పోతనే లేను. పోతే ఏం చెప్తరో ఏమో!"

ఆ మాట నిజమే అయితే దాని వెనుక వచ్చేదేమిటో శ్రవణ్‌కు తేటతెల్లంగా కనబడింది. పూతమందు పనిచేయకపోతే మిగిలింది సూది. సూదికి తల్లి మీద ఒట్టు అడ్డం. ఒట్టు నిలబెట్టుకుంటే వైద్యమే ఆగిపోతుంది. దిగిన గొంతు దిగినట్టే ఉండవచ్చు, గడ్డం కొంత నిలవవచ్చు. కానీ నెలనెలా ఆ నెత్తురును చూస్తూ మగవాళ్ల నడుమ సాంచా నడపడం తనవల్ల కాదని అతనికి తెలుసు. ఇన్నేళ్లు తండ్లాడి తాను చేరుకున్న ఆ మగమనిషి చేతిలోంచి జారిపోతాడు.

డాక్టరు దగ్గరికి రహస్యంగా వెళ్లివద్దామనుకున్నాడు గాని, సరోజన అతని ముఖం చూసి పసిగట్టింది. "జగిత్యాలకా? నేనస్త" అని చీర మార్చుకుని ముందుగా ఆమే బస్టాండుకు నడిచింది. బస్సు వేములవాడ దాటాక శ్రవణ్ ఉన్నదంతా చెప్పేశాడు. సున్నం సంగతి కూడా చెప్పాడు.

"సున్నమా?" అన్నది సరోజన. "ఎవడాడు? గోడకు సున్నమైతే ఏడాదన్న ఉంటది గదా!"

అంత భయంలోనూ శ్రవణ్‌కు నవ్వు ఆగలేదు. ముందు సీటులోని ఆవిడ వెనుదిరిగి చూసింది.

డాక్టరు రచన నెత్తురు పరీక్ష చేయించి, మధ్యాహ్నానికి రిపోర్టు చేతికి రాగానే ఇద్దరినీ లోపలికి పిలిచింది. కాగితాన్ని ఒకసారి చూసి, శ్రవణ్ చెప్పిన సున్నం మాట మొత్తం ఓపికగా విన్నది.

"సరే, మీ దోస్తు మాటే నిజమనుకుందాం. ఒళ్లు మందుకు అలవాటు పడితే ఏం కావాలి? నెత్తురులో మందు నిండుగా ఉండాలి, పని మాత్రం జరగొద్దు. అవునా?"

"అవును మేడం."

"నీ నెత్తురులో మగ హార్మోను చాలా తక్కువుంది. మందు లోపలికే పోలేదు. లోపలికి పోని మందు పనిచేస్తలేదని ఎట్లంటాం?"

శ్రవణ్ కుర్చీ అంచుకు జరిగాడు. తెగిన పోగు ఎక్కడుందో చేతికి తగిలినట్టయింది. మందు ఓడిపోలేదు, దారిలో ఎక్కడో పోతున్నది. దారి వెతికితే దొరుకుతుంది!

"రోజూ పూస్తున్నవా?"

"ఒట్టు మేడం, ఒక్క దినం తప్పలే."

"ఎప్పుడు?"

"పొద్దుగాల. మీరు పొద్దుగాలనే అన్నరు గదా."

"ఎక్కడ?"

"షెడ్డుల. డ్యూటీ దిగంగనే."

"ఇంట్లో ఎందుకు పూయవు?"

"మా అన్న బిడ్డున్నది మేడం. నన్ను జూస్తే భుజాలెక్కుతది. పిల్లలకు అంటొద్దని మీరే అన్నరు. అందుకే షెడ్డుల్నే పూసుకొని, ఆరినంక అంగీ ఏసుకొని ఇంటికి పోత."

"మంచి పని చేశావు. ఇంటికి పోయి?"

"ఏమున్నది, తానం జేసి పంట."

డాక్టరు చేతిలో కలం ఆగింది. ఆమె ఏదో అడగబోయేలోగా, కొడుకు తన కష్టాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడన్న కినుకతో సరోజన అందుకున్నది.

"తానమంటే గట్లిట్ల తానం గాదు డాక్టరమ్మా! రాత్రంత సాంచాల కాడ ఒళ్లంత దూది పడతది. గా దూదితోని ఇంటి కడప తొక్కనిస్తనా? వాడు అచ్చేసరికి మసిలే నీళ్లు తోడి, సబ్బు పెట్టి, బీరపీచుతోని నేనే రుద్దుత. మెడ, భుజాలు, వీపు ఎర్రగయ్యేదాక ఇడ్వ. మా ఆయనకు సుత గట్లనే రుద్దిన. భుజాల మీద ఏందో జిడ్డుంటది మేడం... ఏం జిడ్డో గని, రోజు రుద్ది రుద్ది పోగొడుత!"

డాక్టరు రచన నోటికి చేయి అడ్డం పెట్టుకున్నది. శ్రవణ్ తల్లి వైపు, తన భుజాల వైపు మార్చి మార్చి చూశాడు.

"అమ్మా! గదే మందు!"

"ఏది?"

"నువ్వు పోగొట్టే జిడ్డు!"

పగటి షిఫ్టులో ఉన్నప్పుడు అతడు పొద్దున లేచి, స్నానం చేసి, మందు పూసుకుని పనికి వెళ్లేవాడు. రాత్రి షిఫ్టు రాగానే రోజు తలకిందులైంది. పొద్దున పూసుకోవాలన్న మాట మాత్రం అతడు అక్షరాలా పాటించాడు. దాంతో ముందు మందు, వెనుక స్నానం అయ్యాయి. పూసిన తరువాత కొన్ని గంటలు తడి తగలకూడదని మొదట్లో డాక్టరు చెప్పే ఉన్నది. కానీ పగటి షిఫ్టులో ఆ జాగ్రత్తతో పనే పడకపోవడంతో అది అతని మనసులోంచి జారిపోయింది. అన్న కూతురికి అంటకూడదని అతడు పడిన శ్రమ ఒకవైపు, దూది కొడుకు ఊపిరిలోకి పోకూడదని తల్లి పడిన శ్రమ మరొకవైపు. రెండూ కలిసి మందును తూములోకి పంపాయి.

సరోజన ముఖం వాడిపోయింది. "నా చేతులతోనే జేసిన్నా?"

"చేతులంటే గుర్తొచ్చింది" అన్నది డాక్టరు. "అమ్మా, ఈ మధ్య మీ గడ్డం మీద కొత్తగా వెంట్రుకలేమన్నా వచ్చినయా?"

సరోజన చప్పున కొంగు గడ్డానికి అడ్డం పెట్టుకున్నది. "నాలుగచ్చినయి. ముసలితనమనుకున్న."

"ముసలితనమే కావచ్చు. రుద్దేటప్పుడు ఆ మందు మీ చేతులకంటి మీ ఒంట్లోకి కూడా పోయి ఉండవచ్చు. చూద్దాం, మీది కూడా పరీక్షకిద్దాం."

శ్రవణ్ కడుపు పట్టుకుని నవ్వాడు. "అమ్మా, నా గడ్డం నువ్వు పెంచుకుంటున్నవా!"

"నవ్వకురా సన్నాసోడా! నాకెందుకురా నీ గడ్డం? తీస్కపో!" అంటూనే సరోజన కూడా పకపకా నవ్వింది. బయట కూర్చున్న రోగులు తలుపు వైపు తిరిగి చూసేంత నవ్వు లేచింది.

నవ్వు తగ్గాక ఆమే అడిగింది. "మరి నిజం చెప్పుండ్రి డాక్టరమ్మా. ఈ మందు ఎన్నేండ్లు పనిచేస్తది?"

"వాడినన్నాళ్లూ పనిచేయాలి. షుగరున్నవాళ్లు రోజూ గోళీ వేసుకున్నట్టే ఇదీ. మోతాదు అప్పుడప్పుడు మార్చాల్సి రావచ్చు. కానీ ముప్పై, నలభై ఏళ్లు వాడినవాళ్ల సంగతులు మన దగ్గర ఇంకా తక్కువే ఉన్నాయి. అందుకే నెత్తురు, గుండె, ఎముకలు ఎప్పటికప్పుడు చూసుకుంటూ పోవాలి. తెలియనిది తెలియదనే చెప్తానమ్మా."

"గట్ల చెప్తేనే నమ్మకం" అన్నది సరోజన. "అయితే ఇగ నేను రుద్దొద్దా?" అని మెల్లగా అడిగింది.

"బ్రహ్మాండంగా రుద్దండి. ముందు మీరు రుద్దాలి, ఒళ్లు ఆరినాక అతడు మందు పూసుకుని, నిండు చేతుల అంగీ తొడుక్కుని పడుకోవాలి."

ఆ మాటతో ఆమెకు పోయిన ప్రాణం లేచి వచ్చింది.

మరునాటి నుంచి సరోజన ఇంట్లో కొత్త శాసనం వెలిసింది. కొడుకు మందు పూసుకున్నాక మనుమరాలిని అటు పోనివ్వదు. ఆకాశంలో మబ్బు కనబడినా "తడువకురా!" అని కేకవేస్తుంది. నెల తిరిగేసరికి నెలసరి ఆగింది. గడ్డం గీయించుకోవడానికి సెలూన్‌కు వెళితే మంగలి, "కత్తికి పని పెట్టినవు గదన్నా" అన్నాడు. ఆ సంగతి శ్రవణ్ షెడ్డులో నలుగురికి చెప్పుకున్నాడు.

అయినా రిపోర్టు చూసేదాకా మనసు నిలవలేదు. జగిత్యాలలో డాక్టరు ఇద్దరి కాగితాలూ చేతికిస్తూ, "నీ హార్మోను ఉండాల్సిన చోటే ఉంది. నెత్తురు కూడా చిక్కబడలేదు. అమ్మది మామూలుగానే ఉంది" అన్నది. సూది అవసరం లేదు, ఒట్టు చెడలేదు, వైద్యం ఆగదు. శ్రవణ్ మెట్లు దిగుతూ ఉన్నట్టుండి తల్లిని రెండు చేతులా పైకెత్తాడు.

"దించురా, జనం జూస్తున్నరు! సిరిసిల్ల బస్సు మల్ల ఎక్కుదాం గని, కోరుట్ల బస్సు యాడాగుతది?"

"ఎందుకే?"

"సున్నపోని దుకాణం జూడాలె."

కోరుట్లలో మునావర్ దుకాణం వెడల్పు రెండు బారలుండదు. ఎవరో పెద్దావిడ నేరుగా తన ముందుకు వచ్చి, "నువ్వేనా సున్నం మాటన్నోనివి?" అని నిలదీస్తే, అతడు పక్కనున్న శ్రవణ్‌ను చూసి సంగతి గ్రహించి, లేచి సలాం చేశాడు. శ్రవణ్ కాగితాలు అద్దాల బల్ల మీద పరిచాడు.

"చూడు భాయ్. ఎక్కింది!"

మునావర్ ఒక కాగితం తీసుకుని చదివి, ముఖం చిట్లించాడు. "ఇది మస్తు తక్కువున్నది గదా?"

"అది మా అమ్మది. కలుపకు!"

కథంతా విన్నాక మునావర్ కుర్చీలో కూలబడి నవ్వాడు. సరోజన అతన్ని ఎగాదిగా చూసి, "నీ వీపెవలు రుద్దుతరయ్యా?" అని అడిగింది.

"ఎవలు లేరమ్మా. ఇల్లు ఇడిచి అచ్చి నాలుగేండ్లాయె. ఒక్కన్నే ఉంట."

"అయితే నీ మందు నీ ఒంటి మీదనే ఉన్నది. ఇగ భయమెందుకు?"

నవ్వబోయిన మునావర్ ముఖం మధ్యలోనే మారింది. "నాది నిజంగనే పనిచేస్తలేకుంటేనో?"

"ఎందుకు చేస్తలేదో ఎతుకుదాం భాయ్" అన్నాడు శ్రవణ్. "మాది దొరికింది గదా! తెలువకుంట ఇంట్ల కూసుంటే ఎట్ల?"

మునావర్ ఫోన్ వైపు చూశాడు, తీయలేదు. శ్రవణే జగిత్యాల ఆసుపత్రి నంబరు కలిపి అతని చేతికిచ్చాడు. అటువైపు అమ్మాయి పేరు, ఊరు అడిగింది. మునావర్ చెప్పాడు. తోడెవరైనా వస్తారా అని ఆమె అడిగేసరికి అతడు "తోడా?" అని శ్రవణ్ వైపు చూశాడు.

సరోజన చేయిచాచి ఫోన్ అందుకున్నది. "నేనస్త. పొద్దుగాల మొదటి నంబరియ్యుండ్రి, మాకు బస్సు దొరకాలె."