తీసేసిన జవాబు

ప్రూఫులు చూడడం ఆ ఇంట్లో ఎప్పుడూ ఇద్దరి పని. ఒకరు టైపు ప్రతిని కామాలతో, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి. ఇంకొకరు అచ్చు కాగితం మీద వేలు పెట్టుకుని వెంట నడవాలి. చెల్లెలు రాసిన చరిత్ర పుస్తకాలన్నిటికీ చదివే గొంతు అక్కదే. అక్క కాలేజీ గడప తొక్కిన మనిషి కాదు. అయినా ఐదు వందల ఏళ్ల కిందటి మత సంస్కర్తల పేర్లను పక్కవాటా వాళ్ల పేర్లలా పలికేది. మధ్యలో ఆగి, "ఈయనెవరే, నోరు తెరిస్తే నరకం తప్ప ఇంకో మాట లేదు? పెళ్లాం ఎలా వేగిందో" అనేది.

ఈసారి ప్రూఫులు వచ్చేసరికి అక్క లేదు. పబ్లిషరుకు పంపేముందు టైపు ప్రతి మాత్రం మంచం మీద పడుకునే పూర్తిగా చదివింది. ఆ తర్వాత ఎన్నాళ్లో ఉండలేదు.

అందుకని చదవడానికి అక్క మొగుడు, బావ వచ్చి కూర్చున్నాడు. కొట్టు మూసి, మెళ్లో టేపు మెళ్లోనే ఉంచుకుని వచ్చాడు. ఊళ్లో సగంమంది భుజాల కొలతలు నోటికి చెప్పగల టైలరు. పుస్తకాలంటే మాత్రం ఆమడ దూరం.

"నోరు తిరగని పేర్లు వస్తే మింగేస్తా పంతులమ్మా. తిట్టకూడదు."

"తిట్టను బావా. మళ్లీ మొదటినుంచి చదివిస్తాను."

"దానికంటే తిట్టడమే నయం."

ఆ అధ్యాయం చచ్చిపోయినవాళ్ల గురించి. వెనకటికి ఆ సంస్కర్తల దేశాల్లో జనం, పోయినవాళ్ల ఆత్మలు ఎక్కడో మంటల్లో మగ్గుతుంటాయనీ, ఇక్కడ మనం ప్రార్థనలు చేసి, కొవ్వొత్తులు వెలిగిస్తే వాళ్ల శిక్ష తగ్గుతుందనీ నమ్మేవారు. తరతరాలుగా అలా చేస్తూ వచ్చారు. ఉన్నట్టుండి కొత్త బోధకులు వచ్చి, అలాంటి మంటలేవీ లేవు, పోయినవాళ్లకు మీతో పనిలేదు, కొవ్వొత్తులు ఆర్పెయ్యండి అన్నారు. అప్పుడు జనానికి ఏమనిపించింది? ఈ ప్రశ్న మీదే చెల్లెలు ఏళ్లకేళ్లు గడిపింది.

బావ తడుముకుంటూ, పేర్లు మింగుకుంటూ చదువుతున్నాడు. ఒక పేరా దగ్గరికి వచ్చేసరికి తడబాటు పోయింది. "మృతులకు తమనుంచి ఇక ఏమీ అక్కర్లేదని తెలిసిన నాడు, కామా, బతికివున్నవారు తేలికపడ్డారు, ఫుల్‌స్టాప్." ఆమె తలెత్తి చూసింది. అతని కళ్లు కాగితం మీద లేవు.

"ఆగు బావా. ఈ పేరా కొట్టేస్తున్నాను."

"ఎందుకూ? తప్పు చదివానా?"

"నువ్వు సరిగ్గానే చదివావు. నేనే తప్పు రాశాను. రేపు ఇవి వెనక్కి వెళ్లిపోతాయి. ఇప్పుడు మార్చకపోతే ఇదే అచ్చవుతుంది."

పద సూచిక అప్పటికే తయారైపోయింది. ఒక్క లైను పెరిగినా తరిగినా పేజీలు జరుగుతాయి, సూచికలో అంకెలన్నీ తప్పవుతాయి. ఎన్ని లైన్లు తీస్తే అన్ని లైన్లే పెట్టాలని పబ్లిషరు గట్టిగా చెప్పాడని ఆమె బావతో అంది.

"అంటే కత్తిరించినంతే అతుకు వెయ్యాలన్నమాట. అంత తంటా ఎందుకు, ఉండనియ్యి."

"ఉండనివ్వలేను."

బావ టైపు ప్రతిని ఒళ్లో పెట్టుకున్నాడు. "ఈ ముక్క మీ అక్క నాకు చదివి వినిపించింది. ఒకసారి కాదు. 'చూశావా, ఊళ్లకి ఊళ్లే తేలికపడ్డాయంట. మా చెల్లి ఊరికే రాయదు. నువ్వూ అలాగే ఉండాలి మరి' అంది. ఆ ధైర్యంతోనే కళ్లు మూసింది."

ఆమె కలం కింద పెట్టింది.

"మరి తేలికపడ్డావా?"

అతను టేపు చివర వేలికి చుట్టుకున్నాడు. "కొట్లో ఆవిడ జాకెట్టు ఒకటుంది. చివర్లో బాగా చిక్కిపోయింది కదా, లోపలికి కుట్టమంది. కుట్టాను. విప్పాను. మళ్లీ కుడుతున్నాను. ఎవరికని అడక్కు."

"అడగను. కానీ నేను రాసింది అబద్ధం బావా."

"అబద్ధమైతే అయింది. ఆవిడ నమ్మిన మాట. దాన్ని కూడా పీకేస్తావా?"

ఆమె లేచి అలమర అడుగునుంచి పాత చిత్తుప్రతి తీసింది. కొవ్వొత్తుల మీద నిషేధం వచ్చాక కూడా మొగుడి సమాధి దగ్గర కొవ్వొత్తి పెడుతూ పట్టుబడ్డ ఒక ముసలామె విచారణ అందులో ఉంది. పుస్తకంలో ఆ సంగతి, "పాత అలవాటు" అని ఒక్క ముక్కలో ముగిసింది. ముసలామె చెప్పిన జవాబును మాత్రం ఆమె తీసేసింది. చోటు లేదనుకుంది. నిజానికి అది తన వాదానికి అడ్డొచ్చింది.

ఇప్పుడు ఆ జవాబును తిరిగి రాసింది. అక్షరాలు లెక్కపెట్టి, మాటలు కుదించి, ఖాళీకి సరిపోయేలా చేసి, కాగితం బావ చేతికిచ్చింది.

"ఈ కొవ్వొత్తి ఆయనకు అందదని బోధకుడుగారు చెప్పారు, కామా, నమ్మాను, ఫుల్‌స్టాప్. చీకటి పడే వేళకు నా చేతులు ఆయన కోసం ఏదో ఒకటి చెయ్యాలంటాయి, ఫుల్‌స్టాప్. ఆ సంగతి వాటికి..." అక్కడితో ఆపి మిగిలింది లోపల చదువుకున్నాడు. వాటికి మీరే చెప్పండి, అని ఉంది అక్కడ.

"ఇది అప్పుడు నీ దగ్గరే ఉందా?"

"ఉంది."

"మీ అక్క చదవకముందే తీసేశావా?"

"తీసేశాను."

తిడతాడని ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. అతను కాగితాన్ని బల్లమీద పెట్టి, గుడ్డ మడత సరిచేసినట్టు అరచేత్తో నిమిరాడు.

"ఇది చదివుంటే నా గతి ఇలా అవుతుందని ఆవిడకి తెలిసిపోయేది. నన్ను తల్చుకుని తల్లడిల్లేది. తియ్యడమే మంచిదైందిలే."

ఆమె అచ్చు కాగితం మీది పాత పేరా వైపు చూసింది. తన చదువంతటిలో అక్కకు పనికొచ్చింది ఆ తప్పొక్కటే. ఇప్పుడు దాన్ని తన చేత్తోనే దిద్దాలి.

"ఏం చెయ్యమంటావు బావా?"

"ఈ జవాబే వెయ్యి. ఆవిడ చదవాల్సింది చదివేసింది. మిగిలింది మనమేగా."

ఆమె కలం తీసి, అక్క నమ్మిన పేరా మీద అడ్డంగా గీత గీసింది. బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.