హెగర్టీ లారీలు దిగబడవు

వాన వెలిసి నాలుగైదు రోజులైంది. కురావిల్లా ఊరు దాటాక తారు రోడ్డు ఆగిపోయి నల్లరేగడి దారి మొదలయ్యే చోట హెగర్టీ కంపెనీవి ఐదు లారీలు బారు తీరి ఉన్నాయి. ఒక్కోదానికి వెనక మూడేసి ట్రైలర్లు. ఇంజన్లు గుర్రుమంటున్నాయి గానీ ఒక్కటీ కదలదు. వెర్నా నడవాలి. ఆవిడ నడిచొచ్చి "పదండి" అంటే తప్ప ఈ కంపెనీలో తడి దారి మీద చక్రం తిరగదు. ఎక్కడా రాసిపెట్టిన నిబంధన కాదది, అయినా దాన్ని మీరినవాడు ఇంతవరకూ లేడు.

వెర్నా హెగర్టీకి అరవై దాటాయి, కంపెనీ ఆవిడదే. బూట్లు విప్పి, మేజోళ్లు వాటిలో కుక్కి, మొదటి లారీ మెట్టు మీద పెట్టింది.

"మహారాణీగారు సవారీ బయల్దేరారు. ఎర్ర తివాచీ పరవండ్రా ఎవరైనా," అన్నాడు పై నుంచి డ్రైవరు క్లెమ్. కంపెనీకి రెండో లారీ వచ్చినప్పటి నుంచీ ఉన్నవాడు, ఆ మాత్రం చనువు ఉంటుంది.

"నీ నోటికి తాళం వెయ్యాలంటే ట్రైలరు నిండా తాళాలు తేవాలి. నోరు మూసుకుని టీ తాగు," అంది వెర్నా.

వాన తర్వాత ఆ మైదానం చూడాలి. దారికి అటూ ఇటూ నీళ్లు పరుచుకుని, ఆ నీళ్లలో ఆకాశమంతా దిగి, దారి మాత్రం మబ్బుల మధ్యనించి పోతున్నట్టు ఉంటుంది. ఎక్కణ్ణించి వస్తాయో గూడబాతులు వచ్చి వాలతాయి. సముద్రం ఎక్కడ, ఇదెక్కడ? వెర్నా ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చూసిందో, చూసినప్పుడల్లా కాసేపు నిలబడిపోతుంది.

మొదట్లో ఆవిడకీ మొగుడు మెర్విన్‌కీ ఒకటే డొక్కు లారీ. అతను నడిపేవాడు, ఆవిడ ముందు ఉత్తకాళ్లతో నడిచేది. నల్లరేగడి సంగతి తెలిసిందేగా, పైపొర ఎండి కరకరలాడుతుంది, కింద మాత్రం గడ్డపెరుగులా కదులుతుంటుంది. కర్రతో పొడిస్తే తెలీదు, కళ్లతో చూస్తే అసలే తెలీదు. మడమతో నొక్కినప్పుడు అడుగునుంచి చల్లదనం ఎగదన్నుతుంది చూశారూ, అది తెలియాలి. తెలియని కంపెనీల లారీలు మడుగులో గేదెల్లా పడుండేవి. అవి చక్రాలతో కోసిన గాడులు ఎండి రాయైపోతే, ఆ దారి పొడుగునా గొర్రెల ఫారాల వాళ్లకి నెలల తరబడి దారే ఉండేది కాదు. అలాంటి పని చేసినవాడు ఊళ్లో బారుకొస్తే పక్క కుర్చీలో ఎవరూ కూర్చోరు.

హెగర్టీ లారీ మాత్రం ఒక్కసారీ దిగబడలేదు. ఆ ఒక్క మాట మీద కంపెనీ పెరిగింది. ముందు పిండి బస్తాలూ బీరు పీపాలూ, తర్వాత ఉన్ని, తర్వాత పశువులు, ఆఖరికి చెక్కతో కట్టిన ఇళ్లకి ఇళ్లే ఎత్తి పట్టుకెళ్లారు. మెర్విన్ పోయాడు, కంపెనీ ఆగలేదు. ఇప్పుడు యార్డు నిండా లారీలు, ఊళ్లో సగం మంది జీతాలు అక్కడే.

ఇవాళ ఎక్కించింది రాగి గని యంత్రాలు. సాయంత్రానికి చేరిస్తే గని సరుకు మోసే పనంతా ఇక హెగర్టీలదే, చేర్చకపోతే సముద్రం ఒడ్డు కంపెనీ వాడు కాచుక్కూర్చున్నాడు. ఈ బేరం కుదర్చడానికి కూతురు కొలీన్ ఏడాదంతా తిరిగింది. ఆ పిల్ల పికప్ వ్యానుకి ఆనుకుని తల్లినే చూస్తోంది.

వెర్నా నడిచింది. ఎవరికీ తెలియని సంగతేమిటంటే, ఆవిడకి అరికాళ్లలో స్పర్శ పోయింది. షుగరు. చలికాలంలో మొదలైంది, ముందు మేజోళ్లు వేసుకున్నట్టు, తర్వాత ఎవరివో కాళ్లు అరువు తెచ్చుకున్నట్టు. చెబితే ఏం మిగులుతుంది? లారీలు డ్రైవర్లు నడుపుతారు, ఆఫీసు కొలీన్ చూసుకుంటుంది. కంపెనీలో ఆవిడ పని అని చెప్పుకోడానికి ఉన్నది ఈ నడకే.

మడమ నొక్కింది. ఏమీ లేదు. మళ్లీ నొక్కింది. కలలో నడుస్తున్నట్టుంది, నేల ఉందో లేదో తెలియకుండా కాళ్లు వాటంతటవే పోతున్నాయి. దూరాన ఎండమావిలో ఏదో లారీ తేలుతున్నట్టు అనిపించింది, అందులో మెర్విన్ ఉన్నట్టూ, నెమ్మదిగా తన వైపే వస్తున్నట్టూ. పిచ్చిదానా, వెనక్కి తిరుగు అనుకుంది. ఎండ బాగానే కాసింది, గాలీ వీచింది, ఎండిపోయే ఉంటుందిలే. 'పదండి' అన్న మాట నోట్లో పెట్టుకుని వెనక్కొచ్చింది.

"అమ్మా, ఆగు. కాలు చూపించు," అంటూ కొలీన్ ఎదురొచ్చింది.

"ఏమైందే?"

"రక్తం."

వెర్నా వెనక్కి చూసింది. కుడికాలి అడుగు పడ్డ ప్రతిచోటా ఎర్రటి మరక. కొలీన్ తల్లిని వ్యాను వెనక బల్ల మీద కూర్చోబెట్టి పాదం ఎత్తి చూసింది. మడమలో పల్లేరు ముళ్లు రెండు, లోతుగా.

"ఇంత దూరం వీటితోనే నడిచావా?"

"చిన్నవేలే," అంది వెర్నా నీళ్ల వైపు చూస్తూ.

కొలీన్ ముళ్లు వదిలేసి తల్లి మొహం వైపు చూసింది. "ఇప్పుడు వేలితో నొక్కుతున్నా. తెలుస్తోందా?"

"ఆఁ, తెలుస్తోంది."

"నేను నొక్కట్లేదమ్మా."

వెర్నాకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎప్పట్నించి?"

"చలికాలం నుంచి."

"మరి వాళ్లకి ఏం చెబుదామని వచ్చావు?"

"పదండి అని," అంది వెర్నా.

కొలీన్ తిట్టలేదు. తిడితే బావుండేది. వంగి తన బూట్లు విప్పేసింది. "ఎలాగో చెప్పు. ఎప్పుడూ నేర్పలేదు నాకు."

"మడమ నొక్కు. కిందనుంచి చల్లగా తంతే వచ్చెయ్."

కొలీన్ ఎంతో దూరం పోలేదు. ఆగింది, పక్కకి జరిగి మళ్లీ నొక్కింది. తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు.

"తంతోంది. అడుగంతా కదులుతోంది. ఇవాళ కాదమ్మా."

"మరి గని?"

"పోతే పోతుంది," అంది కొలీన్ లారీల మీది యంత్రాల వైపు చూస్తూ.

క్లెమ్‌ని ఆ బురదలోకి తోసేదాన్నే, అనుకుంది వెర్నా. వ్యానులోని రేడియో మైకు ఇటిమ్మంది, నోటి దాకా తెచ్చుకుని, కూతురి చేతిలోనే పెట్టేసింది. "నువ్వు చెప్పు. నడిచింది నువ్వు."

"నేను, కొలీన్‌ని. ఇవాళ దారి లేదు. ఇంజన్లు ఆపెయ్యండి."

వెర్నా రేడియో వైపే చూస్తోంది. క్లెమ్ అడుగుతాడు. వెర్నా ఏమంది అని కచ్చితంగా అడుగుతాడు. ఇన్నేళ్లుగా ఆవిడ మాట లేకుండా బ్రేకు కూడా ముట్టుకోనివాడు.

రేడియో బరబరమంది. "సరే, కొలీన్," అన్నాడు క్లెమ్.

అతని ఇంజను ఆగింది. తర్వాత రెండోది, ఆ వెనకవి. ఎవరూ ఏమీ అడగలేదు. నీళ్ల మీద గూడబాతుల రెక్కల చప్పుడు వినిపించింది. తన తర్వాతా కంపెనీ నిలబడుతుందని వెర్నాకి ఎంత నిశ్చింతగా ఉందో, తన మాట కోసం ఒక్కడూ ఆగలేదని అంత కోతగానూ ఉంది.

కొలీన్ తల్లి పాదాన్ని ఒళ్లో పెట్టుకుని ముళ్లు ఒక్కొక్కటే తీసింది. తల ఎత్తి చూస్తే వెర్నా చెంపలు తడిసి ఉన్నాయి.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"ఉందే," అంది వెర్నా.