టెస్ట్ పేషెంట్

పొద్దున్నే అత్తగారి చేతికి బీపీ పట్టీ చుడుతుంటే, "నెమ్మదిగా! మెషీన్లతో కుస్తీ పట్టినట్టు నా చేతితో పడతావేంటి?" అన్నారు. నూట ముప్ఫై, ఎనభై రెండు. నోటుపుస్తకంలో రాశాను. ఆ పుస్తకంలో ఎడమవైపు ఆవిడ పేరు, కుడివైపు మా ఆయన పేరు. రెండేళ్లుగా రోజూ రాసేది నేనే, మధ్యలో గీత గీసిందీ నేనే. అప్పటికే నా తల వెనక లాగుతోంది. ఆ మాట అంటే మా ఆయన, "ఫోను చూడటం తగ్గించు, అదే పోతుంది" అంటారు. అత్తగారు, "రోజూ పదిమందికి వండిపెట్టాను, ఒక్కనాడు తలనొప్పని పడుకోలేదు" అంటారు. ఇద్దరూ అంత నిక్కచ్చిగా చెబుతుంటే, అసలు నొప్పి ఉందా, నేనే ఊహించుకుంటున్నానా అని నాకే అనుమానం వస్తుంది.

ఆసుపత్రుల కంప్యూటర్లలో ఒక చిన్న ప్రోగ్రాం ఎక్కించడం నా ఉద్యోగం. బీపీ మెషీన్ చూపించే అంకెను అది అందుకుని, డాక్టరు తెరిచే వెబ్ పేజీలో వేస్తుంది. నర్సు చేత్తో రాయక్కర్లేదు. మా ఆయన చుట్టాలకు దీన్ని "వైర్లు గుచ్చే పని" అని చెప్పి నవ్వుతారు. నేనూ నవ్వేస్తాను, ఎందుకు నవ్వుతానో తెలీదు. ప్రోగ్రాం ఎక్కించాక పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఒక చెయ్యి కావాలి. రోగుల్ని అడగలేం కదా, నా చెయ్యే పెడతాను. పేరు అన్నచోట "టెస్ట్" అని కొడతాను. మెషీన్ మీది అంకె, పేజీలోది ఒకటే అయితే సంతకం పెట్టించుకుని వచ్చేస్తాను. ఆ అంకె ఎంత అని ఏనాడూ చూడలేదు.

ఇవాళ వెళ్లిన క్లినిక్‌లో మెషీన్ బల్లమీద కళ్లెదురుగా ఉంటే, పేజీ మాత్రం "పరికరం దొరకలేదు" అని మొరాయించింది. కేబుల్ మార్చాను. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. చివరికి చూస్తే, ఎప్పుడో ఎక్కించిన పాత ప్రోగ్రాం ఒకటి చాటుగా నడుస్తూ మెషీన్‌ని పట్టుకుని వదలడం లేదు. దాన్ని తీసేశాక అంకె వచ్చింది. నూట డెబ్బై నాలుగు, నూట ఎనిమిది. ఎర్రగా. హద్దు దాటితే ఎర్రగా చూపించే ఏర్పాటు ఈ కొత్త వెర్షన్‌లోనే పెట్టారు.

"ఎర్రగా వస్తోందేంటమ్మా?" అంది పక్కనున్న పెద్ద నర్సు.

"ప్రోగ్రాంలో ఏదో తేడా అండీ, ఒక్క నిమిషం" అన్నాను, ఎంత ధీమాగానో. తీసేసి మళ్లీ ఎక్కించాను. నూట డెబ్బై ఆరు. మెషీన్ మీదా అదే. అయితే మెషీన్‌దే తప్పు. పక్కగదిలోంచి ఇంకోటి తెప్పించాను. నూట డెబ్బై రెండు. ఎర్రగానే.

నాకు దిక్కు తోచలేదు. లోపం ఎప్పుడు మొదలైందో చూస్తే ఎందుకో తెలుస్తుందని నాకు పని నేర్పినావిడ చెప్పేది. కంపెనీ నాకిచ్చిన ఖాతాలో "టెస్ట్" పేరు మీదున్న పాత అంకెలన్నీ తెరిచాను. మొత్తం నలభై మూడు. రెండేళ్ల కిందట నూట ఇరవై ఎనిమిది. తర్వాత నూట నలభై. నూట యాభై రెండు. నూట అరవై ఐదు. ఇన్ని ఆసుపత్రుల్లో ఇన్ని మెషీన్లు కూడబలుక్కుని పాడయ్యాయా? కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. మెషీన్ వేరు, కేబుల్ వేరు, కంప్యూటర్ వేరు, నర్సు వేరు. మరి అన్నిచోట్లా ఒకటిగా ఉన్నదేంటి? చెబితే నవ్వుతారు గానీ, నాకు నిజంగా తట్టలేదు.

నర్సు నా చేతి పట్టీ విప్పి తన చేతికి చుట్టుకుంది. నూట పద్దెనిమిది, డెబ్బై ఆరు. ఎరుపు లేదు. "అన్నిచోట్లా ఉన్నది మీ చెయ్యే కదమ్మా" అంది.

"అబ్బే, నాకేం లేదండీ. బీపీ మా అత్తగారికి" అన్నాను.

ఆవిడ నేను రాసుకున్న కాగితం మీద వేలు పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. బీపీ ఉన్నందుకు కాదు. నలభై మూడుసార్లు నా ఒళ్లు చెబితే, మెషీన్లనైనా అనుమానించాను గానీ దాని మాట వినలేదు.

అప్పుడే మా ఆయన ఫోన్. "అయిందా? వచ్చేటప్పుడు అమ్మ మాత్రలు తీసుకురా."

"ఇంకా కాలేదు. అంకె ఎర్రగా వస్తోంది."

"చేతకాకపోతే ఇంకెవరికైనా అప్పగించి వచ్చెయ్. అమ్మ ఎదురుచూస్తోంది."

"సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది. నాకే బాగాలేదు" అన్నాను.

"మరి మాత్రలు?" అన్నారు.

"ఇవాళ మీరు తెండి."

ఫోన్ పెట్టేశాను. తెర మీద పేరు అన్నచోట ఇంకా "టెస్ట్" అనే ఉంది. దాన్ని చెరిపేసి నా పేరు కొట్టాను. వెళ్లి డాక్టరు గది బయట, రోగుల బెంచీ మీద కూర్చున్నాను.